పాలివ్వని మంద

మనురేవా,
నవంబరు 17, 2024.

చిరంజీవి దుర్గేష్‌కు,

మొన్న ఆదివారం ఫోనులో నువ్వొకటి చెప్పావు, నేనొకటి విన్నాను. "వానల్లేవు పిన్నీ" అన్నావట. నేను "వానలా, మంచిదే నాయనా" అన్నానట. పక్కన కూర్చున్న శ్రావ్య తల్లినని కూడా చూడకుండా పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చెవులకు మెషీన్లు పెట్టుకున్నా ఫోనులో గరగర తప్ప మాట తెలియడం లేదు. మెసేజీలు పెట్టుకోండి అంటుంది శ్రావ్య. ఆ బుల్లి అక్షరాలు నావల్ల కాదు. పెళ్ళిళ్ళయ్యాక మీ అమ్మా నేనూ ఇరవయ్యేళ్ళు ఉత్తరాల మీదే బతికాం. నీకూ అలాగే రాస్తాను. నీది మీ నాన్న చేతిరాత, కోడి కెలికినట్టుంటుంది. అయినా కూడబలుక్కుని చదువుకుంటాను.

బాగున్నానని రాయాలి కదా, బాగున్నాను. మోకాళ్ళు బాగాలేవు. ప్యాకింగ్ పని మామూలే. పొద్దున ఐదుకి లేస్తాను, సాయంత్రం వచ్చి వేన్నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. అరవై రెండు నిండాయి. ఇంకో మూడేళ్ళు లాగితే పెన్షను వస్తుంది.

గుడి వంటింట్లో విజయలక్ష్మిగారు "మీ అక్కగారబ్బాయి ఏం చేస్తాడండీ" అని అడిగింది. డైరీలో అన్నాను. "ఏ వీధిలో?" అంది. ఈ దేశంలో డైరీ అంటే చిల్లర కొట్టని ఇన్నేళ్ళయినా నా నోటికి గుర్తుండదు. "కొట్టు కాదండీ, నిజం ఆవులు, నిజం పాలు" అన్నాను. "గోసేవ! ఎంత అదృష్టం" అంది. నాకు కడుపు నిండిపోయింది. మన ఇంట్లో ఒక్కడన్నా నలుగురికీ చెప్పుకోదగ్గ పనిలో ఉన్నాడు.

వేళకి తిను. జవాబు రాయి.

పిన్ని,
శేషారత్నం


తౌమరునుయి,
డిసెంబరు 8, 2024.

పిన్నికి నమస్కరించి,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. నువ్వు గుడిలో చెప్పిన మాట దగ్గరే కలం ఆగిపోతోంది.

నా దగ్గర పాలిచ్చే ఆవులు లేవు పిన్నీ. ఆరేళ్ళుగా లేవు. చదువు అయ్యాక రెండేళ్ళు మోరిన్స్‌విల్‌లో పాల ఫారంలో చేసిన మాట నిజమే. తరువాత ఈ కొండల్లోకి వచ్చాను. ఇక్కడున్నవి నల్ల ఆంగస్ ఆవులు. మాంసం కోసం పెంచేవి. మూడు వందల ఎనభై తల్లులు, వాటి వెంట దూడలు. తల్లుల పాలు దూడలే తాగుతాయి. కోడెలు రెండేళ్ళకి కండపట్టగానే లారీ ఎక్కుతాయి. ఎక్కించేది నేనే.

నీ ఇంట్లో ఉన్న ఏడాదీ చూశాను. నా కోడిగుడ్లు కూడా ఫ్రిజ్‌లో వేరే గిన్నెలో మూతపెట్టి ఉంచేదానివి. అలాంటి నీతో ఈ మాట ఎలా చెప్పను? అందుకని "ఆవుల ఫారం" అని ఊరుకున్నాను. పాలని నువ్వే అనుకున్నావు, నేను కాదనలేదు.

నేను ఆ మాంసం ముట్టను. అంతమాత్రాన నాకేమీ సంబంధం లేదని చెప్పుకోవడానికి మనసొప్పదు. ఒక్కటి మాత్రం నిజం. పాల ఫారంలో పుట్టిన దూడను ఆ రోజో మర్నాడో తల్లి నుంచి విడదీసేవాళ్ళం. ఆ తల్లులు రాత్రంతా అరిచేవి. ఇక్కడ దూడ ఆర్నెల్లు తల్లి వెంటే తిరుగుతుంది. ఏది పుణ్యమో నాకు తెలియలేదు. ఈ పని మాత్రం నాకు బాగా వచ్చు.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఇది ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఫారం యజమాని నోయెల్‌కి డెబ్భై ఆరేళ్ళు. నిన్న టీ తాగుతూ కప్పులోకి చూస్తూ అన్నాడు, "జనవరిలో పైన్ చెట్లు పెంచే కంపెనీవాళ్ళు భూమి చూడటానికి వస్తారు" అని. ఇక్కడ పని పోతే నేను రావలసింది నీ ఇంటికే. అబద్ధం నెత్తిన పెట్టుకుని నీ గడప తొక్కలేను.

తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ రాయి.

దుర్గేష్


మనురేవా,
డిసెంబరు 22, 2024.

దుర్గేష్‌కు,

ఉత్తరం అందింది. చదివాను.

ఈ దేశపు డిసెంబరు ఎండలు ముదిరాయి. ధనుర్మాసం కదా, గుడిలో పులిహోర నా వంతు. శ్రావ్యా వాళ్ళు సెలవులకు సముద్రం ఒడ్డుకి వెళుతున్నారు. నేను వెళ్ళడం లేదు.

ప్రస్తుతం ఇంతకంటే ఏమీ రాయలేను. ఒంట్లో ఓపిక లేదు.

శేషారత్నం


తౌమరునుయి,
ఫిబ్రవరి 16, 2025.

పిన్నికి,

నువ్వు "చిరంజీవి" అని రాయలేదు, "పిన్ని" అని సంతకమూ పెట్టలేదు. రెండు నెలలుగా ఆ కాగితాన్ని వంటగదిలో గోడకు గుచ్చి ఉంచాను. అయినా రాస్తున్నాను. ఇక్కడ నేను తెలుగులో మాట్లాడేది కుక్కలతోనే. అవీ అలిసిపోయాయి.

వానలు లేవు. కొండలు ఎండిన రొట్టె రంగులోకి వచ్చాయి. చలికాలానికి దాచిన గడ్డి ఇప్పుడే పెడుతున్నాం. పైగా పిడుదులు. ఒకప్పుడు ఇక్కడి చలికి పిడుదు బతికేది కాదంటాడు నోయెల్. ఇప్పుడు చలికాలాలు మెత్తబడ్డాయి, అవి వెచ్చగా ఉండే ఉత్తరం వైపు నుంచి ఇక్కడికి దిగాయి. వాటితో ఒక జ్వరం వస్తుంది, పశువు రక్తమంతా నీరైపోతుంది. పోయిన వారం ఒక పెయ్య మంద నుంచి వెనకబడింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అలాంటప్పుడు దాన్ని నడిపించకూడదు, నడిస్తే గుండె ఆగిపోతుంది. అందుకని నీళ్ళూ మేతా నేనే మోసుకెళ్ళాను. మూడో రోజు పోయింది.

పైన్ కంపెనీవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఇద్దరూ మర్యాదస్తులే. బూట్లకు బురద అంటకుండా నడిచారు. కొండంతా చెట్లు నాటి వదిలేస్తారట. నరకను కూడా నరకరట. ఎక్కడో విమానాలూ ఫ్యాక్టరీలూ వదిలే పొగకి బదులుగా ఈ చెట్లు గాలి పీల్చుకుంటాయి, ఆ పీల్చుకున్నందుకు కంపెనీకి డబ్బు. ఏ రైతూ ఇవ్వలేని ధర ఇస్తామన్నారు.

విచిత్రం ఏమిటంటే పిన్నీ, గొడ్డుమాంసానికి ఇంత ధర ఎప్పుడూ లేదు. అమెరికా వాళ్ళకు బర్గర్లకు పశువులు చాలడం లేదు. "మరి ఎందుకు అమ్ముతున్నావు?" అని నోయెల్‌ని అడిగాను.

"ధర ఈ ఏడాది ఉంటుంది, వచ్చే ఏడాది అమెరికావాడు సుంకం వేస్తాడు. ఆవు తేన్పుతో భూమి వేడెక్కుతోందని పన్నంటుంది ఒక ప్రభుత్వం, వద్దంటుంది ఇంకొకటి. నా కూతురు టౌరంగాలో టీచరు, దానికి ఈ బురద అక్కర్లేదు. నా మోకాళ్ళు గేటు ఎక్కడం లేదు దుర్గేష్. ఇన్నిటికీ కలిపి నాకు ఒక్కటే జవాబు దొరికింది" అన్నాడు.

నాకు కోపం రాలేదు. రావడానికి కూడా ఓపిక కావాలి కదా.

నీ చేతి అక్షరం ఒక్కటైనా పంపు.

దుర్గేష్


మనురేవా,
మార్చి 23, 2025.

చిరంజీవి దుర్గేష్‌కు,

నీ మీద కోపంతో రాయలేదని అనుకుంటున్నావు. కోపం కాదురా, సిగ్గు. నీది చదివినప్పుడు నాకు నా ముఖమే కనిపించింది.

నేను ప్యాక్ చేసేది మీరంతా అనుకుంటున్నట్టు కూరగాయలు కాదు. పన్నెండేళ్ళుగా మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. బోనింగ్ రూమంటారు. ఎముక నుంచి మాంసం విడదీసే గది అన్నమాట. అవతలివాళ్ళు కత్తులతో కోస్తారు. ముక్క బెల్టు మీద నా దగ్గరికి వస్తుంది. నేను సంచిలో పెట్టి, గాలి తీసే మెషీనులోకి తోసి, లేబులు అంటిస్తాను. రోజంతా అదే. నీ కొండ మీది కోడె ఎన్నిసార్లు నా చేతుల మీదుగా వెళ్ళిందో ఆ పరమాత్మకే తెలుసు.

మీ బాబాయి కాలం చేసిన ఏడాదే నేను కుట్టుపని చేసే దుకాణం మూసేశారు. శ్రావ్యకి అప్పుడు పదిహేనేళ్ళు. పక్కింటి సేలా, టోంగా దీవుల మనిషి, "మా ఫ్యాక్టరీలో మనుషులు కావాలి, రేపు నాతో రా" అంది. ఏ ఫ్యాక్టరీ అని నేను అడగలేదు. గేటు దాకా వెళ్ళాక వాసనకి తెలిసింది. వెనక్కి తిరిగాను. సేలా నా మోచెయ్యి పట్టుకుని, "ఒక వారం చెయ్యి, నచ్చకపోతే మానెయ్" అంది. ఆ వారమే పన్నెండేళ్ళయింది.

ఇంటికి రాగానే తలస్నానం. యూనిఫాం ఎప్పుడూ ఇంటికి తేలేదు. శ్రావ్యకు తెలియదు, అల్లుడికి తెలియదు, గుడిలో ఎవరికీ తెలియదు. ఈ చెవులు వయసుకి పోయాయని అందరితో అన్నాను. వయసు కాదు, ఆ రంపాల మోత. చెవులకు మూతలు ఇచ్చేవారు. సూపర్‌వైజరు పిలిస్తే వినపడదేమోనని భయపడి నేనే తీసేసేదాన్ని.

నీ ఉత్తరం వచ్చిన నాడు "నేనూ అంతేరా" అని ఒక్క మాట రాసి ఉండాల్సింది. రాయలేకపోయాను. నిన్ను తప్పుపట్టే హక్కు లేదు, క్షమించే హక్కూ లేదు. మరి ఏం రాయను?

పోయిన గురువారం మమ్మల్ని క్యాంటీన్‌లో నిలబెట్టి మేనేజరు మాట్లాడాడు. పశువులు రావడం తగ్గిందట, రెండో షిఫ్టు ఎత్తేస్తున్నారట. "ఎందుకు రావు?" అని సేలా అడిగింది. "ఫారాలు చెట్లయిపోతున్నాయి" అన్నాడు. గదిలో అందరికంటే ముందు ఆ మాట నాకే అర్థమైంది. నీ నోయెల్ కళ్ళ ముందు మెదిలాడు.

ఆ పెయ్యకు నీళ్ళు మోసుకెళ్ళావన్నావు. మంచి పని చేశావు.

పిన్ని


తౌమరునుయి,
మే 18, 2025.

పిన్నికి నమస్కరించి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నీ ఇంట్లో ఉన్న రోజుల్లో సాయంత్రం నువ్వు తలుపు తీసుకుని తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళేదానివి. నేను పలకరించినా ఆగేదానివి కాదు. మడి అనుకునేవాణ్ణి.

ఇక్కడ అయిపోయింది. ఏప్రిల్లో నోయెల్ సంతకం పెట్టాడు. ఈ వారమే మంద వెళ్ళిపోయింది.

చూడి ఆవుల్లో వయసులో ఉన్నవాటిని వేరే ఫారాలవాళ్ళు కొనుక్కున్నారు. అరవై ఆవులు నది అవతలికి వెళ్ళాయి. ఆ భూమి ఒక మావోరి ట్రస్టుది. అది, ఈ దేశానికి అందరికంటే ముందు వచ్చిన వాళ్ళ పూర్వీకుల నేల, అమ్మకానికి రాదు. ముసలివీ చూలు కట్టనివీ ఫ్యాక్టరీకి. వాటిని మంగళవారం పొద్దున కొండ మీంచి దించాం. కుక్కలకు పని లేకపోయింది. ఏళ్ళ తరబడి నడిచిన దారి కదా, ముందు ఒకటి కదిలితే వెనక అన్నీ వరసగా వచ్చేశాయి. ఎదురు తిరిగి ఉంటే బాగుండుననిపించింది.

నోయెల్ గేటు పట్టుకుని నిలబడ్డాడు. లారీలు మలుపు తిరిగాక కూడా గేటు తీసే పట్టుకుని ఉన్నాడు.

"మూసేద్దామా?" అన్నాను.

"దేనికి?" అన్నాడు.

ఇద్దరం అలాగే వదిలేసి ఇంట్లోకి వచ్చాం. నలభై ఎనిమిదేళ్ళలో ఆ గేటు తెరిచి ఉంచి లోపలికి రావడం ఆయనకు అదే మొదటిసారట. ఆ రోజు ఆయన భోజనం చేయలేదు. నేను చేశాను. ఆకలేసింది, ఏం చేయను.

నా ముందు మూడు దారులున్నాయి. పైన్ కంపెనీవాళ్ళు ఉండమంటున్నారు, కంచెలు పీకి, తరువాత మొక్కలకు మందు కొట్టే పని. శ్రావ్య వాళ్ళాయన హామిల్టన్ గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ పని చూస్తానన్నాడు. మూడోది, ట్రస్టులో పశువులు చూసే హేమి నన్ను పనికి రమ్మన్నాడు. "ఏడాదికి మాత్రం మాట ఇవ్వగలను. ఆ తరువాత మా పెద్దవాళ్ళు ఏం నిర్ణయిస్తారో తెలియదు. ఆవులైతే ఆగస్టులో ఈనుతాయి" అన్నాడు.

శ్రావ్య ఫోనులో "ఇంకొన్నేళ్ళకు ట్యాంకుల్లోనే మీట్ తయారు చేస్తారు బావా, ఆవులే అవసరం ఉండదు. ఇప్పుడే సెటిల్ అవ్వడం బెటర్" అంది. అది "అన్నయ్యా" అనాలని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా దానికి ఎక్కదు. కానీ మాటలో తప్పు లేదు. నాకు ముప్ఫై మూడేళ్ళు. పోయే పనిని పట్టుకుని వేలాడటం తెలివేనా?

నువ్వు చెప్పు.

దుర్గేష్


మనురేవా,
జూన్ 8, 2025.

చిరంజీవి దుర్గేష్‌కు,

మాదీ మూసేస్తున్నారు. మొత్తం. ఆగస్టు ఎనిమిది ఆఖరి రోజు. కాగితం ఇచ్చారు. సేలా చదివి మడిచి కోటు జేబులో పెట్టుకుని, మళ్ళీ కత్తి అందుకుంది. నాకు పెన్షనుకి ఇంకా రెండున్నరేళ్ళు.

పోయిన శనివారం రోటోటూనాలో శ్రావ్య ఇంటికి వెళ్ళి చెప్పేశాను. అల్లుడు బయటికి వెళ్ళిన సమయం చూసుకుని. నిలబడే చెప్పాను, కూర్చుంటే ధైర్యం పోతుందని.

"నా యూనివర్సిటీ ఫీజులు?" అంది.

"అందులోంచే."

"నువ్వు నాతో ఎప్పుడూ, కనీసం ఒక్కసారి కూడా, చెప్పాలనుకోలేదా అమ్మా? నేను అందరికీ మా మదర్ వెజిటబుల్ ప్యాక్‌హౌస్‌లో వర్క్ చేస్తుందని చెప్పాను. ట్వెల్వ్ ఇయర్స్!"

"నీకు అసహ్యం వేస్తుందని..."

"నాకేం వేస్తుందో నువ్వే డిసైడ్ చేశావా?" అని పైకి వెళ్ళిపోయింది. నేను బస్సెక్కి వచ్చేశాను. అప్పటినుంచి మాట లేదు. బల్ల మీద నేను తీసుకెళ్ళిన సున్నుండల డబ్బా అలాగే ఉండిపోయింది, మూత కూడా తీయలేదు.

నీ ప్రశ్నకు జవాబు చెప్పే తెలివి నాకు లేదు నాయనా. ఇది పాపమా అని పన్నెండేళ్ళు ఆలోచించాను, తేలలేదు. ఒక్కటి తెలుసు. దాచుకుని చేసిన పని, చేసినదానికంటే రెట్టింపు అలసట. ఏది చేసినా నలుగురిలో పేరు పెట్టి చెప్పుకోగలిగింది చెయ్యి. ఏడాదికేనంటే ఏడాదికే. మనకు ఎవరు ఎప్పుడు అంతకు మించి మాట ఇచ్చారు?

పిన్ని


తౌమరునుయి,
జూలై 13, 2025.

పిన్నికి నమస్కరించి,

నది దాటాను. హేమి దగ్గర చేరి పది రోజులైంది. రెండు గదుల ఇల్లు, పైకప్పు ఒకచోట కారుతుంది. జీతం తక్కువ. నాతో వచ్చిన రెండు కుక్కలకూ ఇక్కడి కుక్కలకూ ఇంకా పడటం లేదు.

ఇటునుంచి చూస్తే నోయెల్ కొండ ఎదురుగా కనిపిస్తుంది. మొక్కలు నాటేవాళ్ళు వచ్చారు, నడుముకి సంచులు కట్టుకుని. ఒకడు పార వేస్తాడు, మొక్క పెడతాడు, మడమతో తొక్కుతాడు, మూడడుగులు వేస్తాడు. ఎంత వేగమో. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఒక వాలు పూర్తి చేశారు. వాళ్ళదీ చలిలో చేసే కష్టమే, వాళ్ళ మీద నాకేమీ లేదు. నోయెల్ టౌరంగాలో కూతురింటి దగ్గర చిన్న ఇల్లు తీసుకున్నాడు. వెళ్ళేముందు ఒక్కసారి కూడా కొండవైపు చూడలేదు.

ఇక్కడా నిటారు వాలుల్లో చెట్లు పెంచాలనే మాట ఉంది. పిడుదులు ఇక్కడా ఉన్నాయి. హేమి వాటన్నిటి గురించీ మాట్లాడతాడు కానీ పొద్దున్నే మేత వేయడం మానడు. "నీ పాత ఆవులు నిన్ను గుర్తుపట్టాయా?" అని అడిగాడు. లేదన్నాను. వాటికి మేత వచ్చే వైపే తెలుసు.

నిన్న కనిగిరి నుంచి అమ్మ ఫోను చేస్తే నేనే చెప్పాను, మాంసం పశువులు కాస్తున్నానని. "చలికి స్వెట్టరుందా?" అంది.

శ్రావ్య ఏమన్నా రాసిందా?

దుర్గేష్


మనురేవా,
ఆగస్టు 10, 2025.

చిరంజీవి దుర్గేష్‌కు,

శుక్రవారం అయిపోయింది. చివరి పశువులు గురువారమే అయిపోయాయి. శుక్రవారం కడగడమే పని. సేలా నీళ్ళ గొట్టం పట్టుకుంది, నేను బల్లలు తోమాను. సూపర్‌వైజరు కేకు తెచ్చాడు. ఎవరూ సరిగ్గా తినలేదు. కొందరు ఆస్ట్రేలియా వెళతామంటున్నారు.

మూడింటికి గేటు దగ్గర ఉండే అతను వచ్చి, "నీకోసం ఎవరో వచ్చారు" అన్నాడు. వెళ్ళి చూస్తే శ్రావ్య. కళ్ళ క్లినిక్ యూనిఫాంలోనే హామిల్టన్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చేసింది. రెండు నెలల తరువాత చూశాను దాన్ని.

"లోపలికి రానిస్తారా?" అంది.

మామూలుగా రానివ్వరు. ఆ రోజు ఎవరికీ పట్టింపు లేదు. తెల్ల కోటు, జుట్టుకి వల, తన పాదాలకు రెండు సైజులు పెద్దవైన గమ్‌బూట్లు ఇచ్చారు. టపటపమంటూ నా వెనకే వచ్చింది.

"నువ్వు ఎక్కడ నిలబడేదానివి?"

చూపించాను. వెళ్ళి సరిగ్గా అక్కడే నిలబడింది. రెండు చేతులూ స్టీలు బల్ల మీద ఆన్చి, చటుక్కున తీసేసుకుంది.

"ఇంత చల్లగా ఉంటుందా అమ్మా?"

"గదిని చల్లబరిచే మెషీన్లు ఆపేశారుగా. ఇవాళ వెచ్చగానే ఉంది" అన్నాను.

ఆ మాటకి ఏడ్చింది. నేను ఏడిపించాలని అన్నది కాదు, ఉన్న సంగతి చెప్పానంతే. సేలా వచ్చి దాన్ని కావలించుకుని, "నీ ప్రతి పరీక్ష మార్కులూ మాకందరికీ తెలుసు" అంది. నేను చెప్పుకునేదాన్నిలే, అక్కడ చెప్పుకోవడానికి నాకు సిగ్గు ఉండేది కాదు.

నిన్న గుడి వంటింట్లో విజయలక్ష్మిగారికి కూడా చెప్పాను, నా సంగతీ నీ సంగతీ. "అయ్యో" అంది. కొత్తిమీర కోయడం ఆపి, మళ్ళీ కోసింది. వచ్చే వారం నన్ను వంటకి పిలుస్తారో లేదో తెలియదు. పిలవకపోతే శనివారాలు ఇంట్లో పడుకుంటాను.

శ్రావ్య సెలవు పెడుతోంది. నన్ను నీ దగ్గరికి తీసుకువస్తానంటోంది. ఆవులు ఈనే రోజులు కదా, నీకు అడ్డమేమో రాయి. పైకప్పు కారినా ఫరవాలేదు.

నేను దానితో రావాలని ఎందుకనుకుంటున్నానంటే, నిన్న లెక్కవేసుకుంటే తట్టింది. పన్నెండేళ్ళు ఆ పని చేశాను. ఈ దేశంలో బతికున్న ఆవు దగ్గరికి వెళ్ళి ఒక్కసారి కూడా నిలబడలేదురా.

పిన్ని